మెట్ట మండలాలలో మూత్రపిండాల వైఫల్యం: ఫ్లోరైడు ఒక్కటే కారణమా?

నెల్లూరు: జిల్లా పశ్చిమాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి గురించి వార్త వెలువడినప్పుడల్లా, ఫ్లోరైడు నీరే కారణమన్న మాట దానికి తోడవుతున్నది. ఈ నిర్ధారణను కొంత విచక్షణతో పరిశీలించవలసి ఉన్నది.

నీటి సమస్య నిజమైనది, పాతది. దేశంలో ఫ్లోరోసిస్‌ను గురించి వైద్యులు 1937లో ప్రకటించిన తొలి వివరాలు నాటి నెల్లూరు జిల్లాకు సంబంధించినవే. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశంలో చేరగా, ఉదయగిరి, ఆత్మకూరు నెల్లూరులోనే మిగిలినవి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నవి. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

పళ్లకు, ఎముకలకు ఫ్లోరైడు చేసే హాని రుజువైనదే. మూత్రపిండాల సంగతి వేరు. శరీరంలో చేరిన ఫ్లోరైడును ప్రధానంగా విసర్జించేవి అవే కనుక, అవి దెబ్బతిన్నవారిలో ఆ విషం మరింతగా నిలిచిపోతుంది. కనుక రోగి ఒంట్లో ఫ్లోరైడు అధికంగా కనిపించినంత మాత్రాన అదే రోగకారణమని చెప్పజాలము. అది వ్యాధి ఫలితమూ కావచ్చును.

మధుమేహం, అధిక రక్తపోటు ఎక్కడైనా ముందు వరుసలోని కారణాలు. మూత్రనాళాలలో రాళ్లు, అడ్డంకులు వాటి తరువాతివి. మెట్ట పొలాలలో ఎండకు పనిచేస్తూ చాలినంత నీరు తాగకపోవడం మరొకటి. అంతగా చర్చకు రానిది నొప్పి మాత్రల వాడకం. ఫ్లోరోసిస్ వలన కీళ్లు, నడుము పట్టేసిన మనిషి వైద్య సలహా లేకుండా ఏళ్ల తరబడి మాత్రలు మింగితే, ఒంట్లో నీరు తగ్గిన వేళ అవి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఫ్లోరైడు పాత్ర ఈ అడ్డదారిలోనూ ఉండవచ్చునని గ్రహించాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి పరిశోధనలు సాగినా ఏకైక కారణం తేలలేదు. అక్కడి నిర్ధారణలనుగాని, అనుమానాలనుగాని ఇక్కడికి యథాతథంగా అన్వయించడం సరికాదు.

రక్షిత నీటి సరఫరా ఎలాగూ అవసరమే. అయితే దానితోనే డయాలసిస్ రోగులు తగ్గుతారని ఆశించి రక్తపోటు, చక్కెర పరీక్షలను ఉపేక్షిస్తే నష్టం గ్రామస్థులదే. మూత్రపిండాల శక్తి సుమారు సగం తగ్గేవరకు క్రియాటినిన్ పెరుగుదల స్పష్టంగా కనబడకపోవచ్చును. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష అంతకు ముందే హెచ్చరించగలదు. రోగుల జాబితాలు రూపొందించే సిబ్బంది గ్రామం పేరుతోపాటు వయస్సు, వృత్తి, వాడిన మాత్రలు, తాగే నీటి ఆధారం కూడా నమోదు చేసినప్పుడే పాత్రికేయులకు చెప్పదగిన సమాధానం లభిస్తుంది.