నెలలు నిండకుండానే ముహూర్తం

కాన్పు తేదీ చెప్పే లెక్క చాలా సాదా లెక్క. చివరి నెలసరి మొదలైన రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుతారు. 19వ శతాబ్దం తొలి సగంలో హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన జర్మన్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ కార్ల్ నేగెలె పేరుతో అది స్థిరపడింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే తొమ్మిది నెలల తొమ్మిది రోజులకూ దానికీ తేడా రెండు రోజులే. ఏ పరికరమూ లేకుండా, తరతరాలుగా కాన్పులు చూసి పట్టుకున్న లెక్క అది, గౌరవించదగ్గది. అయితే రెండూ సగటు లెక్కలే. నెలసరి 28 రోజులకోసారి తప్పకుండా వస్తుందనీ, 14వ రోజున అండం విడుదలవుతుందనీ అనుకుంటేనే 280 రోజుల మాట నిలుస్తుంది. చెప్పిన తేదీనాడే కాన్పయ్యేవాళ్లు నూటికి నలుగురైదుగురు. అండం విడుదలైన రోజును హార్మోన్ పరీక్షలతో గుర్తించి చేసిన ఒక అమెరికా పరిశోధన 2013లో వెలువడింది. నెలలు నిండకముందే జరిగిన కాన్పులను పక్కన పెట్టి చూసినా గర్భకాలంలో 37 రోజుల దాకా వ్యత్యాసం కనిపించింది. డాక్టరు చీటీ మీద రాసే తేదీ అయిదు వారాల కాలం నడుమ పెట్టిన ఒక గుర్తు మాత్రమే.

ఆ గుర్తును పట్టుకుని సిజేరియన్‌కు ముహూర్తం పెట్టించుకోవడానికి సిద్ధాంతి దగ్గరికి వెళ్లడం తెలుగునాట మామూలైపోయింది. అమావాస్య రాకూడదు, మూల, ఆశ్లేష నక్షత్రాలు తగలకూడదు, మేనమామకు గండం ఉండకూడదు, పైగా లగ్నం బలంగా ఉండాలి. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది, అందులో తొమ్మిదో భాగమైన నవాంశ పదమూడు నిమిషాలకోసారి. వారాల తేడా ఉన్న అంచనా మీద నిమిషాల భవనం కడుతున్నారన్నమాట. పుట్టిన క్షణం ఏదన్నదాని మీదైనా జ్యోతిష్కులకు ఏకాభిప్రాయం లేదు. తల కనిపించినప్పుడా, బిడ్డ పూర్తిగా బయటికొచ్చినప్పుడా, తొలి ఏడుపు వినిపించినప్పుడా, బొడ్డు కోసినప్పుడా? పుట్టిన వేళే కాదు, గర్భం నిలిచిన వేళా ముఖ్యమే అన్నట్టు, వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో దానికి నిషేకాధ్యాయం అని ఒక అధ్యాయమే ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు సిద్ధాంతంలోనే ఉంది. పూర్వజన్మ కర్మఫలాన్ని జాతకం చూపిస్తుందే తప్ప కలిగించదని జ్యోతిషమే చెబుతుంది. అలాంటప్పుడు కత్తి పెట్టి వేళను జరిపినంత మాత్రాన కర్మ ఎలా జరుగుతుంది? ముహూర్తపు సిజేరియన్‌ను సమర్థించాలంటే ముందు జాతకం పునాదినే వదులుకోవాలి.

ఇది నమ్మకం వరకే ఆగితే ఇంత చెప్పనక్కర్లేదు. ముహూర్తం వెతుకులాట ఎప్పుడూ ఒకే దిక్కుకు, వెనక్కే సాగుతుంది. తేదీ దాకా ఆగితే నొప్పులు వాటంతటవే వచ్చేస్తాయి, అనుకున్న లగ్నం చేజారుతుంది. అందుకే 37, 38 వారాల్లోనే మంచిరోజు చూస్తారు. ఊపిరితిత్తుల తయారీ చివరి మెట్లెక్కే వారాలు అవే. నొప్పులు రాకుండా, ముందే నిర్ణయించుకుని చేసిన రెండోసారి సిజేరియన్లను అమెరికాలో పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, శ్వాస ఇబ్బంది వంటి సమస్యలు 37వ వారంలో పుట్టిన పిల్లల్లో 15.3 శాతం, 38వ వారంలో 11 శాతం, 39వ వారంలో 8 శాతం. అమెరికా ప్రసూతి వైద్యులు 2013 నుంచి 39 వారాలు నిండితేనే పూర్తి నెలల కాన్పు అంటున్నారు. దీనికి అంచనా పొరపాటు కూడా తోడైతే? మొదటి మూడు నెలల్లో చేసిన స్కానింగులో తేడా సాధారణంగా వారం రోజులకు మించదు; ఆఖరి నెలల్లో చేస్తే మూడు వారాల దాకా ఉండొచ్చు. ఆలస్యంగా తీసిన స్కానింగును నమ్మి 38 అనుకున్నది నిజానికి 36 కావచ్చు. ఆ రెండు వారాల లోటు బిడ్డ ఊపిరి మీద పడుతుంది.

సిజేరియన్లకు కారణం ఆసుపత్రుల డబ్బాశ, ముహూర్తాలు కావు అని కొందరంటారు. అందులో చాలా నిజముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎనభై శాతం దాటాయి. పంచాంగం ఒక్కటే ఈ అంకెలను పుట్టించలేదు. నొప్పుల భయం, ఫీజు, డాక్టర్ల సౌకర్యం అన్నీ ఉన్నాయి. కానీ ఆపరేషన్ ఎందుకని అడగవలసిన కుటుంబమే ముహూర్తం చీటీ పట్టుకుని వస్తే ఇక అడిగేదెవరు? డబ్బాశకు అడ్డుపడాల్సిన ప్రశ్నను నమ్మకం నోట్లోనే నొక్కేస్తోంది.

ఆపరేషన్ ఎలాగూ తప్పనప్పుడు మంచి గడియ చూసుకుంటే నష్టమేమిటన్నది మరో మాట. 39 వారాలు నిండి, వైద్య కారణం ఉండి, ఆ రోజు పదింటికా పదకొండింటికా అన్నంత వరకైతే నష్టం లేదు, లాభమూ లేదు. తెల్లవారుజాము ముహూర్తానికి అరకొర సిబ్బందితో థియేటర్ తెరిపించినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నా అమావాస్య వెళ్లేదాకా ఆగమన్నా నష్టం తల్లికీ బిడ్డకూ.

డాక్టరు తేదీ కూడా తప్పుతోంది కదా, అదీ ఒక జోస్యమే కదా అనేవారికి జవాబు ఆ తప్పును ఏం చేస్తారన్న దానిలో ఉంది. తేదీతో పాటే తేడా ఎంత ఉండొచ్చో వైద్యం చెబుతుంది. తొలి స్కానింగు నెలసరి లెక్కతో పొసగకపోతే తేదీ మార్చి రాస్తుంది. మామకు కీడంటూ పేరుపడ్డ మూల మాటేమిటి? 27 నక్షత్రాల్లో అదొకటి కాబట్టి సుమారు 27 మందిలో ఒకరు అందులోనే పుడతారు. తెలుగు రాష్ట్రాల్లోనే అలాంటివారు లక్షల్లో ఉంటారు. వాళ్ల మామలు మిగతా మామల్లాగే బతుకుతున్నా, ఆ నక్షత్రం మీద వేసిన నింద మాత్రం ఒక్క అక్షరం మారలేదు.