అక్షరమునకు అంకె

ఆంగ్లము చదువనేరని సెకోయా యను చెరకీ జాతీయుడు 1821 ప్రాంతమున తన భాషకు 86 అక్షరముల లిపి నొకదానిని కల్పించెను. 1828 లో న్యూ ఎకోటా నుండి ఆ లిపిలోను ఆంగ్లములోను చెరకీ ఫీనిక్సు పత్రిక వెలువడినది. 1835 లో జార్జియా రాష్ట్ర భటులు ఆ ముద్రాయంత్రమును పట్టుకొనిపోయిరి. 1838 లో జాతినే పుట్టిన గడ్డ నుండి పడమటికి తరిమివేసిరి. శిబిరములలోను త్రోవలోను వేలకొలది మరణించిరి. ముద్రాయంత్రమును పట్టుకొనిపోవుట యనిన నేమో పత్రిక నడుపువారమగు మాకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆనాడు లిపికి సీసపు అచ్చులు కావలసియుండెను. నేడు అంకెలు కావలయును. కంప్యూటరునకు అక్షరముల రూపము తెలియదు, సంఖ్య తెలియును. సర్వలిపులకును సంఖ్యలిచ్చు యూనికోడు పట్టికలో 1999 లో చెరకీ లిపి చేరినది. అందు 'గో' అను ధ్వనికి 5034 అను ఒకే సంఖ్య కలదు. మన 'గో' కైతే గకారమునకు 3095, ఓత్వమునకు 3147, ఈ రెండును కలిసి రావలయును. ఒకచో అక్షరమంతయు నొక ముద్ద, మరియొకచో హల్లును గుణింతమును వేర్వేరు. లిపి స్వభావము ననుసరించి సంఖ్య నిచ్చుట న్యాయమే.

కెనడాలోని క్రీ లిపి మరియును వింతయైనది. 1840 లో నార్వే హౌసున జేమ్సు ఎవాన్సు అచ్చొత్తించిన ఈ లిపిలో ఒకే కోణాకృతి క్రిందికి చూచిన 'పే', పైకి చూచిన 'పి', కుడికి 'పో', ఎడమకు 'ప'. చదువరి కిది ఒకే అక్షరపు నాలుగు తిరుగుళ్లు. యంత్రమునకు మాత్రము సంబంధము లేని నాలుగు సంఖ్యలు.

ఇందు చిక్కు ఎచ్చటనున్నది? ఒకసారి యిచ్చిన సంఖ్యయు పేరును మరల మార్చరాదని నిబంధన. పాత వ్రాతలు చెడకుండుటకది యవసరమే. కాని మొదట పొరపడినవారి పొరపాటు పిల్లల కాలము వరకు నిలుచును. పాత చెరకీ ముద్రణలో పెద్ద, చిన్న యక్షరముల భేదముండెను; 1999 పట్టిక దానిని గుర్తింపలేదు. 2015 లో చిన్నవానిని చేర్చవలసివచ్చినపుడు, అన్ని లిపులలోను పోల్చిచూచునపుడు పెద్దవానిని చిన్నవానిగా మార్చు కంప్యూటరు, ఈ యొక్క లిపికి మాత్రము చిన్నవానిని పెద్దవానిగా మార్చునట్లు విపరీతపు ఏర్పాటు చేసిరి. నట్టిలింగ్మియుట్ అను ఇన్యుయిట్ ప్రజల పలుకులోని కొన్ని ధ్వనులకు 2021 వరకు పట్టికలో అక్షరములే లేవు. క్యారియర్ భాషాక్షరముల కొన్నింటి రూపములను సైతము ఆ యేడే సరిదిద్దిరి. ఇరువదిరెండేండ్లు! వ్రాయువారిని ముందే యడిగియుండిన నింత కాలము పట్టునా?

మన సంగతియు నట్టిదే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము నొక విధముగ కూర్చి పంపినంతనే ఒక ప్రసిద్ధ సంస్థవారి ఫోనులు స్తంభించినవి. తప్పు అక్షరమున లేదు, దానిని కూర్చి చూపు యంత్రవిధానమున నున్నది. అదే నెలలో సరిదిద్దిరి. అయినను తెలుగక్షరము ఫోనును పాడుచేసినదనియే లోకము చెప్పుకొనెను. మన విశ్వవిద్యాలయములలోని లిపి పండితులు ఆ పట్టికలోని తెలుగు భాగమును ఎందరు తెరచి చూచిరో మాకు సందేహము. తెలుగునకు కేటాయించిన 128 స్థానములలో ఏది నిండినది, ఏది ఖాళీయో చూచుటకు రుసుము లేదు. ఆ పట్టిక అందరికిని ఉచితముగ లభించును.