పాటకు నమ్మకమైన సాక్షి



కొన్ని గృహములలో ఒక తగవు ఉంటుంది. కుమారుడు మంచి స్పీకర్లు కొందామంటాడు. "పాట వినబడుతోంది కదరా! ఆ డబ్బుతో విత్తనాలు వస్తాయి" అంటుంది తల్లి. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. అయితే కుమారుడు వాట్లు, ఓములు అని లెక్కలు చెబుతాడు. తల్లికి అవి ఎక్కవు.

హై ఫిడెలిటీ అనే మాటకు మిక్కిలి నమ్మకత్వము అని అర్థం. పాడినవారు పాడినదానికి ఏమీ కలపకుండా, ఏమీ తీసివేయకుండా మన చెవికి అప్పగించటమే ఆ నమ్మకత్వము. గట్టిగా మోగటం వేరే సంగతి. పందిట్లో కట్టే మైకు హారను ఊరంతటికీ వినిపిస్తుంది గాని, తబలాలోని డగ్గా మోత అందులో సరిగా రాదు. మనిషి చెవి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. లావు శబ్దము పలకాలంటే స్పీకరు ఎక్కువ గాలిని కదపాలి. ఫోనులోని చిన్న స్పీకరుకు ఆ శక్తి లేదు. అందుచేత మంచి పెట్టెలో లావు శబ్దానికి పెద్ద స్పీకరు, సన్న శబ్దానికి చిన్న స్పీకరు అమరుస్తారు.

మన నెల్లిమర్లకు దగ్గరలోని విజయనగరంలో 1919లో సంగీత కళాశాల స్థాపించబడింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. పి. సుశీలగారు 1935లో ఆ ఊరిలోనే జన్మించారు. తల్లికి సుశీలగారి పాట ఇష్టమా? కుమారుడా, ఆ పాటే వేయుము. ముందు ఫోనులో, తరువాత తెలిసినవారి ఇంట ఉన్న మంచి సెట్టులో, అంతే శబ్దముతో వినిపించుము. మంచి చోట ఆమెను కూర్చుండబెట్టుము. "ఏమి విన్నావమ్మా?" అని అడిగి ఊరుకొనుము. చరణానికి ముందు తీసుకున్న ఊపిరి ఆమెకు తానుగా వినబడితే వాదన అక్కరలేదు. తేడా తెలియలేదంటే నవ్వవద్దు.

ఇంట్లో ముసలివారుంటే ఇది వేడుక మాత్రమే కాదు. వయసు పెరిగే కొద్దీ సన్నని శబ్దాలు ముందుగా తగ్గిపోతాయి. "రాగం వినబడుతోంది, మాటలు తెలియటం లేదు" అని నాయనమ్మ అనేది అందుకే. గట్టిగా పెట్టినంత మాత్రాన మాట తేటపడదు. స్పష్టమైన పెట్టె దగ్గరగా ఉంచితే కీర్తనలోని మాట ఆమెకు కొంతైనా అందవచ్చు. వినికిడి బాగా తగ్గితే వైద్యునికి చూపించాలి.

డబ్బు లేకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. స్పీకర్లను మూలనుండి ఇవతలకు జరపండి. మూలలో లావు శబ్దము ఉబ్బిపోతుంది. రెండు పెట్టెలను, వినేవారిని సమాన దూరములో మూడు కొసలుగా ఉంచండి. వట్టి సిమెంటు గోడల గది మారుమోగుతుంది. ఒక మందపాటి బొంత వేలాడదీస్తే తగ్గుతుంది. శబ్దము హద్దులో ఉంచండి. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అప్పు చేసి సెట్టు కొనవద్దు. ఎంత ఖరీదైన సెట్టైనా, రికార్డులో లేనిదానిని తేలేదు. తల్లీ, నీవు కూడా ఒక్క పాట మౌనముగా కూర్చుండి విను. విత్తనాల డబ్బు విత్తనాలకే ఉండనిమ్ము. కుమారుడు ఏమి ప్రేమిస్తున్నాడో తెలుసుకొనుటకు ఖర్చు లేదు గదా!