ఇంటిమాట: రెండు పరుగుల గెలుపు



ఈ మాసమున వంటయింటి సంగతి విడిచి ఆట సంగతి వ్రాయుచున్నందుకు మన్నింపుడు. ఆడువారికి క్రికెట్టుతో నేమి పని యని కొందరడుగుదురు. మా పెద్దేముల్‌లో రాత్రి భోజనములైన పిదప టెలివిజను ముందు కూర్చుండి, ఇంక నెన్ని బంతులకు ఎన్ని పరుగులు కావలయునో అందరికన్న ముందు లెక్క గట్టునది మా అత్తగారే!

2024 ఏప్రిల్ 9వ తేది క్రోధినామ సంవత్సరాది. ఉదయమున ఉగాది పచ్చడి, మధ్యాహ్నమున భక్ష్యములు అయినవి. ఆ రాత్రి మన సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టునకు ముల్లన్‌పూరులో పంజాబు కింగ్సుతో ఆట. పోటీలు మొదలై ఎన్నో దినములు కాలేదు. పదునాలుగు ఆటలలో మనకది అయిదవది. మార్చి 23న కలకత్తాలో నాలుగే పరుగుల తేడాతో మొదటి ఆట ఓడిన చేదు ఇంకను మా నాలుకను విడువలేదు.

మొదట మనవారు బ్యాటు పట్టిరి. 39 పరుగులకే ముగ్గురు వెనుదిరిగిరి. అప్పుడు విశాఖపట్టణపు కుఱ్ఱవాడు, ఇరువదియేండ్ల నితీశ్ కుమార్ రెడ్డి నిలిచి 37 బంతులలో 64 పరుగులు చేసెను. ఆ బిడ్డ ఆట కొఱకు తండ్రి తన ఉద్యోగమునే వదలుకొనెనని తరువాత పత్రికలలో చదివితిమి. మనవారి మొత్తము 182.

పంజాబువారికి చివరి ఓవరులో 29 పరుగులు కావలసివచ్చెను. ఇంక గెలిచితిమనుకొని నేను గిన్నెలు సర్దుటకు లేచితిని. అత్తగారు, “కూర్చో అమ్మా, ఆట కాలేదు” అనిరి. ఆమె మాటయే నిజమైనది. ఆ యొక్క ఓవరులో మూడు సిక్సర్లు, మూడు వైడులు, మనవారి చేతులనుండి జారిన క్యాచులు మూడు! 26 పరుగులు వచ్చినవి. రెండే రెండు పరుగులతో గట్టెక్కితిమి.

“ఇదియు నొక గెలుపేనా? అత్తెసరు గెలుపు!” అంటిని.

తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి తల యెత్తకయే, “నా లెక్కల మార్కులకును నీవు ఆ మాటే అంటివి గదమ్మా” అన్నది.

నా నోట మాట రాలేదు. అంతకుముందు లెక్కలలో తప్పిన పిల్ల, అర్ధసంవత్సర పరీక్షలో 37 మార్కులు తెచ్చుకొన్నది. 35 వచ్చిన చాలును. చుట్టములు కూర్చుండియుండగా, “అత్తెసరు మార్కులు” అని నేను నవ్వితిని. నేను మఱచితిని, అది మఱవలేదు.

ఆ రెండు పరుగుల విలువ మే మాసమున గాని నాకు తెలియలేదు. ఈ పోటీలలో ముప్పది పరుగులతో గెలిచినను, రెండింటితో గెలిచినను వచ్చునవి రెండు పాయింట్లే. తాండూరు బజారులో కందులు తూచునపుడు త్రాసు ఎటు మొగ్గినదో చూతుము గాని ఎంత మొగ్గినదని చూడము గదా! పది జట్లలో మనకును రాజస్థానునకును సరిగా 17 పాయింట్లు వచ్చినవి. పరుగుల సగటున మనము మిన్నయై రెండవ స్థానము పొందితిమి. మొదటి రెండు జట్లకు ఒకసారి ఓడినను మరియొక అవకాశముండును. మూడవ జట్టు ఒక్క ఓటమితో ఇల్లు చేరవలసినదే. ఉగాదినాటి రెండు పాయింట్లు లేనిచో మనవి 15, స్థానము మూడవది. మే 21న అహమ్మదాబాదులో కలకత్తా చేతిలో ఓడియు, మే 24న మదరాసులో రాజస్థానును 36 పరుగులతో గెలిచి తుదిపోరు చేరితిమన్న, అది ఆ అత్తెసరు గెలుపు పెట్టిన భిక్షయే.

అయినను అంతయు తీపియే యని చెప్పరాదు. మే 26న తుదిపోరులో 113 పరుగులకే కుప్పకూలి, కప్పు కలకత్తావారికి విడిచితిమి. చిన్న గెలుపు మనలను తరువాతి మెట్టున నిలుపును. ఆ మెట్టుమీద ఆడవలసిన ఆటను మాత్రము తాను ఆడిపెట్టదు. జారిన క్యాచులు జారినవే.

ఉగాది మరునాటి సాయంకాలము మా అమ్మాయిచే ఆ లెక్కల కాగితము తీయించితిని. మొదట, “తప్పినదానివి గట్టెక్కితివి, మంచిపని చేసితివి” అంటిని. ఆ మాట నాలుగు నెలలు ఆలస్యముగా వచ్చినది. పిదప ఇద్దరము తప్పులు వెదకితిమి. మూడు లెక్కలు దారి సరిగానే నడిచి, కడపటి కూడికలో జారినవి. “ఇవి నా క్యాచులమ్మా” అని పిల్ల నవ్వినది.

తరువాతి పరీక్షలో దానికెన్ని మార్కులు వచ్చినవో ఇచట వ్రాయను. చుట్టముల యెదుట దాని మార్కులు చెప్పుట ఆనాటినుండి మానుకొంటిని. మీ యింటను ఎవరైన రెండు మార్కులతోనో, రెండు రూపాయల మిగులుతోనో గట్టెక్కి వచ్చినయెడల, ముందుగా ఇంత తీపి పెట్టుడు. తప్పులెన్నుటకు మరునాడున్నది.