డబుల్ డ్యూటీ చేయించింది ఎవరు?

‘కార్మికుడి నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణం.’ ఈ వారం మళ్లీ ఇదే మాట పేపర్లో చదివి ఒళ్లు మండింది. ఆ మనిషి ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడు, ముందు రాత్రి కంటినిండా నిద్రపోయాడా, రిలీవర్ వచ్చాడా అని ఒక్కరూ అడగరు.

చిన్న షెడ్లలో పవర్ ప్రెస్ దగ్గరికి వెళ్లి చూడండి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగాలి. చేతులు డై కిందకు పోకూడదనే ఆ ఏర్పాటు. పీసుల టార్గెట్ అందడం లేదని ఒక బటన్ నొక్కుకునే ఉండేలా కట్టేస్తారు, ఖాళీ అయిన చేత్తో రేకు అందించమంటారు. రిలీవర్ రాకపోతే బీ షిఫ్టు కూడా ఆ ప్రెస్ ఆపరేటర్ నెత్తినే. కాదంటే రేపట్నుంచి రావద్దంటాడు కాంట్రాక్టర్. ఊళ్లో అప్పు, ఇక్కడ అద్దె బాకీ. పన్నెండో గంటకు మనసు ఎక్కడో ఉంటుంది, చెయ్యి డై కింద ఉంటుంది. వేళ్లు తెగాక రిజిస్టర్‌లో రాసేది ‘అజాగ్రత్త’ అనే!

భోపాల్‌లో 1984 గ్యాస్ ప్రమాదానికి ముందే ఆ ఫ్యాక్టరీ ఎంఐసీ (మిథైల్ ఐసోసైనేట్) యూనిట్‌లో షిఫ్టుకు 12 మంది ఉండే ఆపరేటర్లను 6కు తగ్గించారు. మనుషుల్ని తగ్గించి పని తగ్గించకపోతే ఏమవుతుందో ఈ దేశానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచే సవరణకు సరేనంది. విరామం లేకుండా చేయించే పనిని 5 గంటల నుంచి 6కు పెంచడమూ అందులో ఉంది. వారానికి 48 గంటలు దాటదుగా అని సమర్థించుకున్నారు. 144 గంటల ఓటీని పదమూడు వారాలకు పంచితే వారానికి మరో 11 గంటలు. దీన్ని పెట్టుబడులకు స్వాగతం అంటే నేను ఒప్పుకోను.

అదే నెల 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలింది. 54 ప్రాణాలు పోయాయి. ఆ పేలుడుకు అలసట కారణమని నేననడం లేదు. నన్ను ఇప్పటికీ వదలనిది మరొకటి. ఆ రోజు లోపల ఎవరెవరున్నారో తేలడానికే రోజులు పట్టింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల ఇళ్లవాళ్లు ఫొటోలు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. పనిలో ఉన్నవాడి పేరే గేటు దగ్గర పక్కాగా లేకపోతే, వాడి నిద్ర లెక్క ఎవరు రాస్తారు?

ఫ్యాక్టరీల శాఖ ఒక పని చేయాలి. ప్రతి ప్రమాద నివేదికలో గాయపడిన కార్మికుడి గత వారం రోజుల హాజరు, ఓటీ గంటలు, ఆ షిఫ్టులో ఉండాల్సిన మనుషులు, ఉన్న మనుషులు తప్పకుండా రాయించాలి. అది రాసేదాకా ‘నిర్లక్ష్యం’ అన్న మాటను ఏ అధికారీ వాడకూడదు.