కడుపుమంటకు చూర్ణమొక్కటే చాలునా?

నలుబది సంవత్సరములుగా వైద్యము చేయుచున్నాను. గురుకులమున చరక సుశ్రుతములు అభ్యసించినవాడను. చూర్ణముల గుణమును కొనియాడవలసిన నేనే నేడు వాని విషయమున మిమ్ము హెచ్చరింపవలసి వచ్చినది.

కొన్నేండ్ల క్రిందట యాబది దాటిన ఉపాధ్యాయుడొకరు నా వద్దకు వచ్చి, "నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతున్నదండీ, మంటగా కూడా ఉంటున్నది" అన్నారు. అమ్లపిత్తమని తలచి అవిపత్తికర చూర్ణమిచ్చితిని. మంట తగ్గినది. ఇరువురమును సంతోషించితిమి. ఆరు నెలలకు ఆయన చిక్కి, పాలిపోయి వచ్చినారు. ఎండోస్కోపీ చేయింపగా జీర్ణాశయ క్యాన్సరు తేలినది. అప్పటికే అది కాలేయమునకు వ్యాపించినది. ఆ ఉపశమనమే మమ్ము మోసగించినది. ఆ తప్పు నాది.

ఈ వ్యాధి ఆరంభమున సామాన్యమైన అజీర్తివలెనే ఉండును. ఒక్కొక్కప్పుడు ఏ లక్షణమును ఉండదు. చూర్ణములే కాదు, ఆమ్లమును తగ్గించు ఇంగ్లీషు మాత్రలును దీనిని మరుగుపరుపగలవు. జీర్ణాశయమున నివసించు హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి దీనికి ముఖ్యకారణములలో ఒకటియని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 1994లో ప్రకటించినది. అది ఉన్నవారందరికీ క్యాన్సరు రాదు. ఉన్నట్లు తేలినచో మందులతో నిర్మూలింపవచ్చును. పొగాకు, అతిగా ఉప్పు వేసి నిలువచేసిన పదార్థములు కూడ ముప్పును పెంచును.

రెండు మూడు వారములకును తగ్గని అజీర్తి, కొద్దిగా తినగానే కడుపు నిండుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, మాటిమాటికి వాంతులు, మ్రింగుట కష్టమగుట, తారువలె నల్లని విరేచనము - వీనిలో ఏది కనిపించినను జాగు చేయక జీర్ణకోశ నిపుణుని చూడుడు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియున్నచో మరింత జాగరూకత అవసరము. ఎండోస్కోపీ కొద్ది నిమిషముల పని. అనుమానమున్నచోట చిన్న ముక్క తీసి పరీక్షింతురు. వ్యాధి జీర్ణాశయపు లోపొరలకే పరిమితమైయుండగా కనుగొన్నచో పెక్కుమంది పూర్తిగా కోలుకొందురు. 1983 నుండి దేశవ్యాప్తముగా పరీక్షలు జరుపుచున్న జపాను అనుభవము ఇదే.

పరీక్షకు పంపుట ఆయుర్వేదమునకు అవమానమని కొందరు తలంతురు. చరకుడు చికిత్సకు ముందే సాధ్యాసాధ్యములను నిర్ణయింపుమన్నాడు. రోగమేదో తెలియక మందిచ్చుట శాస్త్రమెట్లగును?

వాము, జీలకర్ర మన వంటింటి సిరులు. ఒక పూట అజీర్తికి వానిని నిశ్చింతగా వాడుడు. నెలల తరబడి వాడవలసి వచ్చినచో, అది మందు పనిచేయుచున్నదనుటకు కాదు, పరీక్ష చేయించుకొనవలెననుటకు గుర్తు.