మురుగునీరే పరిశ్రమకు భరోసా

2019 జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అడుగంటాయి. వీధుల్లో ట్యాంకర్ల కోసం బిందెలు బారులు తీరాయి. కొన్ని ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేయమన్నాయి. తెలుగుగంగ కాలువలో 1996 నుంచి కండలేరు జలాశయం మీదుగా కృష్ణా నీళ్లు అందుకుంటున్న నగరమది. కృష్ణలోనే కటకట ఏర్పడినప్పుడు ఆ కాలువ మాత్రం ఏం ఆదుకుంటుంది?

అలాంటి వేళ తాగునీటి కోసం అల్లాడే జనంతో పరిశ్రమ పోటీ పడకూడదు. పడితే ఓడిపోవాలి, అదే న్యాయం. అయినా ఉత్పత్తి ఆగకుండా ఉండే దారి ఒకటుందని చెన్నై చాలా ముందే కనిపెట్టింది. మణలిలోని చమురుశుద్ధి కర్మాగారం 1990ల తొలినాళ్లలోనే నగరపు మురుగును శుద్ధి చేసుకుని వాడటం మొదలుపెట్టింది. కరవు ముంచుకొచ్చిన 2019లోనే కొడుంగయ్యూరు, కోయంబేడుల్లో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేసే రెండు ప్లాంట్లు సిద్ధమయ్యాయి. సాధారణ శుద్ధి పూర్తయిన మురుగునీటిని ఇవి సూక్ష్మ వడపోతకు, ఆపై ఆర్వోకు పంపి కర్మాగారాలకు సరఫరా చేస్తాయి. మొదటిది మణలి వైపు, రెండోది శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు. ఎండాకాలంలో మురుగు కొంత తగ్గవచ్చు గానీ, ఊళ్లో మనుషులున్నంత కాలం ఆగిపోదు.

ఈ నీటితో మరో మేలుంది. యాజమాన్యాలు దీన్ని ఇంకా సరిగా లెక్కలోకి తీసుకోవడం లేదని నా అభిప్రాయం. రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, విద్యుత్ కేంద్రం వంటి చోట్ల నీటిలో పెద్ద వాటా కూలింగ్ టవర్లకే పోతుంది. అక్కడ నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి. హద్దు దాటితే గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుంటుంది, వేడి సరిగా బయటికి పోదు, ప్లాంటు సామర్థ్యం పడిపోతుంది, చివరికి శుభ్రం చేయడానికి మొత్తం ఆపాల్సి వస్తుంది. అందుకే చిక్కబడ్డ నీటిని ఎప్పటికప్పుడు కొంత బయటికి వదులుతారు. బోరునీరు ఉప్పగా ఉన్నచోట లవణాలు మూడు రెట్లకు చేరేసరికే వదిలేయాల్సి రావచ్చు. లవణాలు తక్కువున్న ఆర్వో నీటినైతే ఆరు రెట్ల దాకా తిప్పుకోవచ్చు. లెక్క వేస్తే, మూడు నుంచి ఆరుకు వెళ్లినప్పుడు టవర్‌కు పోయాల్సిన నీరు 20 శాతం, బయటికి వదిలేది 60 శాతం తగ్గుతాయి. లవణాలను నిరంతరం కొలిచే మీటరు, దాని సూచనతో దానంతటదే తెరుచుకుని మూసుకునే వాల్వు ఉంటే ఈ లాభం చేతికొస్తుంది. ప్రతి విభాగానికీ విడివిడిగా మీటర్లు పెడితే రాత్రిపూట యంత్రాలు ఆగినా పారుతున్న నీరు కనబడుతుంది, లీకేజీ ఎక్కడుందో తెలుస్తుంది. కొలిచే పని వదిలేసి కంట్రోల్ రూములో ఎన్ని తెరలు బిగించినా ప్రయోజనం శూన్యం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆర్వోకు కరెంటు ఖర్చు ఎక్కువ. పైగా లోపలికి పంపిన నీటిలో సాధారణంగా నాలుగో వంతు దాకా గాఢమైన ఉప్పునీరుగా మిగులుతుంది. దాన్ని చెరువులోకో వాగులోకో వదిలితే చేసిన మేలంతా వృథా. ఈ భాగాన్ని పథకం మొదట్లోనే తేల్చాలి.

అన్నిటికంటే పెద్ద లోటు శుద్ధి దగ్గరే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే నిజంగా శుద్ధి అయ్యేది 20,236 మిలియన్ లీటర్లే. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 విద్యుత్ టారిఫ్ విధానం చెప్పింది. నాగపూర్ మురుగునీరు కొరాడి విద్యుత్ కేంద్రానికి పనికొస్తోంది. నిబంధన ఒక్కటే చాలదు. గొట్టపు మార్గం ఎవరు వేయాలి, నాణ్యత తగ్గితే ఎవరు బాధ్యులు, ధర ఎంత అన్నవి ఒప్పందంలో స్పష్టంగా ఉన్నచోటే ఇలాంటివి నిలుస్తాయి.

మనకు ఈ పద్ధతి విశాఖలో మరీ అవసరం. నగరమూ ఉక్కు కర్మాగారమూ ఎక్కడో ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి సుదీర్ఘమైన కాలువలో వచ్చే నీటిపై ఆధారపడ్డాయి. దారిలో రైతులున్నారు, చివర్లో తాగునీటి కుళాయిలున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో భారీ డేటా సెంటర్‌ను ప్రకటించింది. వేల సర్వర్లను చల్లబరచడం చిన్న పని కాదు. ఇలాంటి పెద్ద పరిశ్రమలకు భూమి కేటాయించే దశలోనే శీతలీకరణకు శుద్ధి చేసిన మురుగునీరే వాడాలన్న షరతును, వాడకాన్ని మీటర్లతో కొలిచి ప్రజల ముందుంచాలన్న షరతును ప్రభుత్వం ఒప్పందంలో రాయాలి. హైదరాబాద్ చుట్టూ వచ్చే పారిశ్రామికవాడలకూ ఇదే వర్తింపజేయాలి. ఫ్యాక్టరీ కట్టాక గొట్టాలు మార్చడానికి అయ్యే ఖర్చు ఎక్కువ, దానికి ఒప్పుకునే యాజమాన్యాలు తక్కువ.